జిగురు బిగువు

ఆటోనగర్‌లో, రంగుల్లో కలిపే రెసిన్ జిగురు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో, దాన్ని మరిగించే పెద్ద కెటిల్ ఎప్పుడు ఆపాలో ఇరవై ఏళ్ళుగా చలమయ్య వేళ్ళే చెప్పేవి. నూనె, ఆమ్లం, గ్లిజరిన్ మరుగుతూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పట్టుకున్న ప్రతిసారీ కాస్త నీటిని వదిలేస్తాయి. ఆ నీరు ఆవిరై పైకి వెళ్ళి, చల్లారి, పక్కనున్న గాజుగొట్టంలో చేరుతుంది. చలమయ్య మాత్రం ఒక చుక్క రెసిన్‌ను రేకు మీద చల్లార్చి, రెండు వేళ్ళ మధ్య నొక్కి విడదీసి, ఆ బిగువును బట్టి "అయిపోనాది" అనేవాడు. ఆలస్యమైతే సరుకంతా కెటిల్‌లోనే రాయిలా గడ్డకడుతుంది.

ఏడాదిగా ఆ వేళ్ళకు స్పర్శ లేదు. షుగరు తినేసింది. ఎవరికీ చెప్పలేదు. పాకం కుదిరిందనడానికి గుర్తుగా గాజుగొట్టం మీదున్న ఎర్రగీత దాకా నీరు రాగానే చుక్కను నొక్కి చూసినట్టు నటించేవాడు. తనను తానే అనుకరించడం మొదట్లో సిగ్గనిపించింది. తర్వాత అలవాటైంది.

ఈరోజు నీరు గీతకు రెండంగుళాల కిందే ఆగిపోయింది. పాకం ఇంకా కుదరలేదా? లేక ఆవిరి ఎక్కడైనా కారిపోతోందా?

"ఏటి బాబాయ్, అయిందా?" అడిగింది కొత్త కెమిస్టు నిఖిత. "ల్యాబ్ టెస్టంటే అరగంట పడతాది."

చలమయ్య చుక్కను నొక్కాడు. ఏమీ తెలియలేదు. తన చేతి చివర ఇంకెవరివో వేళ్ళు ఉన్నట్టుంది. ఇంకో పది నిమిషాలు ఆగమంటే పరువు నిలుస్తుంది అనిపించింది. అలా అనిపించినందుకే భయం వేసింది.

"నా ఏళ్ళు మొద్దుబారిపోనాయమ్మా. నాకేటీ తెలట్లేదు. నువ్వు ముట్టుకో."

నిఖిత అతని మొహంలోకి ఒక్కక్షణం చూసింది. చుక్కను రెండు వేళ్ళ మధ్య నొక్కింది.

"ఎంత బిగువుండాల?"

ఆ సంగతి ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ అడగలేదు. "బురదలోంచి కాలు పీకినట్టు..."

"గాజువాక టౌన్లో పుట్టినదాన్ని, నానెప్పుడు బురదలో దిగాను బాబాయ్? ఇంకోటి సెప్పు!"

"పనసకాయ కోసినప్పుడు ఏళ్ళకి పాలంటుకుంటాది గదా, అలగ."

"దానికంటే గట్టిగుంది!"

"ఆపీ! ఆపీమ్మా!"

మంట ఆపి, సరుకును కింద, దాన్ని పల్చబరిచే థిన్నర్ ఉన్న ట్యాంకులోకి వదిలారు. కాసేపు మొరాయించి, చివరికి తేనెలా జారింది. అప్పుడు కనిపించింది, పైగొట్టం అతుకు దగ్గర సన్నగా బుసకొడుతున్న ఆవిరి.

"ఓనరుగారికి..." అన్నాడు చలమయ్య.

"నువ్వే సెప్పు. నాను పక్కనుంటాను. రేపట్నుంచి ముట్టుకోడం నాది, సెప్పడం నీది."

అతను తలూపాడు. ఇనుపమెట్లు దిగబోతూ కమ్మీ పట్టుకున్నాడు. వేళ్ళు దాన్ని పట్టుకున్నాయో లేదో, దాచుకోకుండా, కళ్ళతో చూసుకుని అడుగు వేశాడు.