కలిసొచ్చే పేరు

నేను ఇంటికి వచ్చిన రోజున చేయాల్సిన పనులు ఇవి: కవరు చింపాలి, నాకు పసుపు రాయాలి, కుంకుమ బొట్టు పెట్టాలి, దేవుడి పటం ముందు ఉంచి దండం పెట్టాలి, బావగారు అడగ్గానే ఇచ్చేయాలి. పన్ను కట్టడం ఆ పనుల్లో లేదు.

నేను ఒక పాన్ కార్డును. తెనాలిలో పచ్చళ్ళు పెట్టి అమ్మే శేషారత్నం పేరు మీద పుట్టాను. ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అయినా నన్నెవరూ ఏమీ అడగలేదు. నా మీది ఫోటోలో ఆమె అప్పుడే దొంగతనం చేసి పట్టుబడినట్టు చూస్తుంటుంది. తీసినవాడికి ముందుచూపు ఎక్కువ.

ఆమె భర్తకు అన్నగారు పూర్ణయ్య. స్థలాలు కొని అమ్ముతుంటాడు. "అమ్మాయ్, నీ పేరు బాగా కలిసొస్తుందని సిద్ధాంతి చెప్పాడు. ఆ కార్డు ఓసారి ఇటివ్వు" అనేవాడు. ఆమె మురిసిపోయి ఇచ్చేది. రిజిస్ట్రారు ఆఫీసులో ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసి, ఆయన ఇప్పించిన చెరుకురసం తాగి ఇంటికొచ్చేది. అలా ఆమె పేరున ఒక స్థలం కొన్నాడు, అమ్మాడు. ఖాతాలో పడ్డ డబ్బుకు చెక్కు రాయించుకున్నాడు. లాభం ఆయన వెంట వెళ్ళింది. పన్ను మాత్రం పేరున్న మనిషిని వెతుక్కుంటూ బయల్దేరింది. కాగితాల్లో తన నంబరే రాయించాడు కాబట్టి నోటీసులు ఆయన ఫోనుకే వచ్చేవి. ఆయన వాటిని కూడా లోను ఇస్తామనే మెసేజీల్లాగే చూసి తుడిపేశాడు.

మామిడికాయల రోజుల్లో ఆమె కాయలకూ కారానికీ డబ్బు తీయబోయింది.

"మీ ఖాతా ఆపేశారండీ. ఇన్‌కంటాక్స్ బాకీ ఉందట" అంది బ్యాంకులో అమ్మాయి.

"పచ్చడికి కూడా ఆపేస్తారా?" అంది శేషారత్నం. కాయ పండితే ఆమెకు ఆ ఏడాది సంపాదన లేనట్టే.

"ఏమీ తెలీదని ఏడువమ్మాయ్. ఆడవాళ్ళనేం చేస్తారు?" అని పూర్ణయ్య ధైర్యం చెప్పాడు. టాక్సు ఆఫీసుకు వెంట కూడా వచ్చాడు, ఏడుపు సరిగా కుదురుతుందో లేదో చూడటానికి కాబోలు.

అక్కడ ఆఫీసరు నా మీది కుంకుమ బొటనవేలితో తుడిచి, నంబరు చూసి కంప్యూటరులో కొట్టాడు.

"స్థలం అమ్మింది మీరేనా అమ్మా?"

ఆమె నన్ను చూసింది. బావగారిని చూసింది. కన్నీళ్ళు రాలేదు. "సంతకం నాదేనండీ. కట్టమంటే కడతాను. కానీ నా దగ్గరేముంది?"

"దుగ్గిరాల రోడ్డులో మీ పేరున ఇంకో స్థలం ఉందిగా. అదమ్మి కట్టేయొచ్చు."

పూర్ణయ్యకు పొలమారింది.

"ఉందా బావగారూ?" అంది ఆమె, ఎంతో వినయంగా. "అయితే అమ్మేద్దాం. మీరే అన్నారుగా, కలిసొచ్చే పేరని."

"తొందరేముందమ్మాయ్! మన ఇంటి పరువేం కాను? నేను లేనూ?"

పరువు కోసం ఆయన ఆ వారంలోనే వడ్డీతో సహా కట్టేశాడు. ఆయన జన్మలో కట్టిన మొదటి పన్ను అదే, అదీ మరొకరి పేరున. ఇంతటి నిస్వార్థపరుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఖాతా తెరిచేసరికి తోటల్లో సగం కాయలు పండాయి. మిగిలినవాటితోనే ఆమె జాడీలు నింపింది. దుగ్గిరాల స్థలం ఇప్పటికీ ఆమె పేరునే ఉంది. తన పేరుకు మార్చమని ఆయన అడిగినప్పుడల్లా "సిద్ధాంతిని అడిగి చెప్తా" అంటుంది.

నేనిప్పుడు దేవుడి పటం దగ్గర లేను. ఆవాల డబ్బా అడుగున, అంచులు అరిగిపోయి, ఘాటు పీలుస్తూ హాయిగా ఉన్నాను. మీ పేరు మంచిదని మెచ్చుకుంటూ ఎవరైనా చెయ్యి చాపితే, కార్డు తీసే ముందు మా శేషారత్నాన్ని ఒక్కసారి తలుచుకోండి.