తడక అవతలి మనిషి

మొగుడు ఇస్తారిని పోలీసులు పట్టుకుపోయిన ఏడాదే భూలక్ష్మికి తడక అవతల మనిషి కనబడడం మొదలైంది.

ఇబ్రహీంపట్నంలో వాళ్ల ఇంటికీ ఎడ్ల కొట్టానికీ నడుమ కందికట్టెలతో అల్లిన తడక ఉండేది. దొరల మీద తిరగబడ్డ సంగంవాళ్లకు అన్నం పెట్టాడని ఇస్తారిని పట్నం జైల్లో వేశాక ఇంట్లో మిగిలింది ఆమె, అత్త నర్సమ్మ. ఒకనాడు పొద్దుగూకే వేళ భూలక్ష్మి ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ తలెత్తింది. కట్టెల సందుల్లో తెల్ల రుమాలు, దాని కింద గొంగడి కప్పిన భుజం, ఇంకా కిందికి నడుస్తున్న కాళ్లు. మొగుడే! తడక చుట్టూ తిరిగి పరుగెత్తింది.

అక్కడ ముసలి ఎద్దు నిలబడి ఉంది. దాని తెల్లటి మూపురం, గుంజకు వేలాడేసిన గొంగడి, గోడ మీద ఊగుతున్న వేపకొమ్మ నీడ. ఏ ముక్కకు ఆ ముక్క వేరుగా ఉంది.

తిరిగొచ్చి కూర్చుంది. మళ్లీ అతనే. ఎద్దని తెలుసు, గొంగడని తెలుసు. అయినా కట్టె అడ్డొచ్చిన చోటల్లా కన్ను తనంతట తానే గీత కలుపుకుని మనిషిని నిలబెడుతోంది.

"అత్తా, జర ఇటొచ్చి కూసో. గాడ ఎవలు కనవడ్తున్నరు?"

నర్సమ్మ చాలాసేపు చూసింది. "ఎద్దే గదనే. దానికి కుడితి పెట్టినవా?"

ఆ తర్వాత భూలక్ష్మి ఎవరికీ చెప్పలేదు. లేచి వెళ్తే అతను విడిపోతాడని తెలిశాక లేవడమే మానేసింది. విసరడానికి గింజలు లేకపోయినా ఆ వేళకు ఇసుర్రాయి దగ్గరికి చేరేది.

పాత సర్కారు పడిపోయి మిలట్రీ వచ్చిందనీ, ఖైదీలను వదులుతున్నారనీ కందుకూరు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. నర్సమ్మ రోజూ బాట దాకా పోయి చూసి వచ్చేది. భూలక్ష్మి మాత్రం కదల్లేదు.

ఒక సాయంత్రం తడక అవతలి మనిషి కుంటుతూ వచ్చాడు. ఆమెకు బెరుకు పుట్టింది. ఎప్పుడూ నిటారుగా నడిచేవాడు, ఇవాళ ఇట్లా ఎందుకు వంగిపోయాడు?

"భూలక్ష్మీ."

ఇదివరకెన్నడూ పిలవలేదు. రాయి పిడిని గట్టిగా పట్టుకుని, పెదవులు బిగించి కూర్చుంది. మళ్లీ పిలిచాడు. పలకలేదు. అవతలి మనిషి గోడకు జారగిలబడి కూలబడ్డాడు.

గడ్డిమోపుతో వచ్చిన నర్సమ్మ మోపు పారేసి కేక పెట్టింది. "నా కొడుకా! వచ్చినవా బిడ్డా!"

ఇస్తారిని లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. గడ్డం మాసిపోయింది. ఎడమ కాలు విరిగి వంకరగా అతుక్కుంది. అతను పెళ్లాం వైపు చూశాడు.

"పిలిస్తే పలుకవేందే? నన్ను చూసినవ్ గద."

"చూసిన."

"మరి?"

"లేస్తే పోతవనుకున్న."

మర్నాడు పొద్దుగూకే వేళ ఇస్తారి మంచం మీద పడుకుని ఉన్నాడు. తడక అవతల మరొకడు నిటారుగా నడుస్తున్నాడు. భూలక్ష్మి గొంగడి తీసి లోపల దాచింది. ఎద్దును వేరే గుంజకు కట్టేసింది. అయినా సందుల్లో ఏ కాస్త తెలుపున్నా, నలుపున్నా అతనిగానే అతుక్కునేది. రోజులు గడిచినా పోలేదు. చివరికి భయపడి మొగుడికి చెప్పేసింది.

అతను నవ్వలేదు. కర్ర పట్టుకుని లేచి, తడక వెనక్కి పోయి నిలబడ్డాడు.

"ఇప్పుడు?"

ఆమె కట్టెల సందుల్లోకి చూసింది. "ఇద్దరున్నరు," అంది.

ఇస్తారి తన పక్కకు తిరిగి చూశాడు. తర్వాత కట్టెలు ఒక్కొక్కటే పీకసాగాడు. "మస్తు ఎండినయ్. పొయ్యిలకు పనికొస్తయి," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆ రాత్రి రొట్టెలు ఆ కట్టెల మీదే కాలాయి. కట్టెలు పొయ్యిలోకి తోస్తుంటే భూలక్ష్మి కళ్ల నీళ్లు ఆగలేదు. మొగుడు పక్కనే కూర్చుని ఉండగా, పోయినదెవరని చెప్పి ఏడుస్తుంది?

"పొగ తగుల్తున్నది, జర అటు జరుగరాదే," అంది నర్సమ్మ.

ఆమె జరగలేదు.