ఇల్లు చూడడానికి వచ్చాం

నెలాఖరులోగా ఇల్లు దొరక్కపోతే సుహాసిని మళ్ళీ హైదరాబాద్ వెళ్ళిపోవాలి. ఆ సంగతి పై ఆఫీసరు మెత్తగానే చెప్పాడు. రెండు నెలల్లో పదకొండుసార్లు ఆలస్యంగా వచ్చినవాళ్ళకి అంతకంటే మెత్తగా ఎవరూ చెప్పరు.

ఆమెది ఎయిర్‌పోర్టులో సామాన్లు తనిఖీ చేసే ఉద్యోగం. పెట్టెలు మెషీన్లోంచి వెళ్తుంటే తెర మీద చూసి, ఎవరు ఎందులో ఏం దాచారో పట్టుకోవాలి. సొంత జిల్లాలో విమానాలు దిగుతాయనగానే ఏడాదిపాటు అర్జీలు పెట్టి బదిలీ తెచ్చుకుంది. భర్త గోపి ఏసీ మెకానిక్. ఎనిమిదేళ్ళ కూతురు విశాలి. ముగ్గురూ శృంగవరపుకోటలో గోపి అన్నగారింటి ముందు గదిలో మకాం పెట్టారు. పొద్దున్న ఆరింటి డ్యూటీకి అక్కడి నుంచి గంటన్నర స్కూటరు ప్రయాణం.

ఇప్పటికి పదమూడు ఇళ్ళు చూశారు. డాబా మీదికెక్కితే రన్‌వే కనిపిస్తుందని ఒకాయన రెండు లక్షలు ఎక్కువ చెప్పాడు. రన్‌వే కనిపించదు, ప్రశాంతంగా ఉంటుందని ఇంకొకాయన మూడు లక్షలు ఎక్కువ చెప్పాడు. హైదరాబాద్‌లో ఒంటిగది ఫ్లాటు అమ్మగా వచ్చినవీ దాచుకున్నవీ కలిపి వీళ్ళ చేతిలో ఉన్నవి ఇరవై అయిదు లక్షలు.

పద్నాలుగో ఇల్లు నారాయణమూర్తి చెప్పాడు. ఆయన ఇళ్ళూ స్థలాలూ అమ్మిస్తాడు, పెళ్ళి సంబంధాలు కూడా కుదురుస్తాడు. రెండు వ్యాపారాలకీ ఒకటే ఫోను. "తాటివలసలో పాత పెంకుటిల్లు. ముప్పై నాలుగంటన్నారు. గట్టిగా బేరమాడితే దిగుతాది. ఆదివారం పదకొండింటికి ఇల్లు సూడ్డానికి వస్తారని సెప్పి ఉంచాను" అని లొకేషన్ పంపించాడు.

ఆదివారం విశాలిని అన్నగారింట్లో వదిలి బయల్దేరారు. పదకొండింటికి ఫోను దారి చూపిస్తే, తాటివలసలో ఒక నీలం గేటు ముందు స్కూటరు ఆగింది. గేటు దగ్గర యాభై దాటిన దంపతులు నిలబడి ఉన్నారు. ఆయన పొందూరు ఖద్దరు పంచె మడత నలగకుండా కట్టాడు. ఆవిడ పట్టుచీరలో ఉంది.

"నారాయణమూర్తిగారు చెప్పారండి. ఇల్లు చూడడానికి వచ్చాం" అంది సుహాసిని.

"రండమ్మా, రండి. పొద్దున్నించి మీకోసమే సూత్తన్నాం" అన్నాడాయన. "నా పేరు నరసింగరావు. ఈవిడ పద్మకుమారి. ముందు కాళ్ళు కడుక్కోండి."

కాళ్ళకి నీళ్ళిచ్చారు. ఫ్యాను కింద కూర్చోబెట్టారు. పళ్ళెం నిండా గారెలు వచ్చాయి, వెనకాలే మైసూరుపాకు వచ్చింది. వంటింట్లోంచి నాటుకోడి కూర వాసన కూడా వస్తోంది.

సుహాసినికి అనుమానం మొదలైంది. పదమూడు ఇళ్ళ వాళ్ళు మంచినీళ్ళయినా ఇవ్వలేదు. గోడలకి సున్నం వేసి రెండు రోజులు కూడా అయినట్టు లేదు. ఇంత మర్యాద వెనక ఏదో ఒకటి దాచి ఉండాలి.

"ఈ ఇంట్లో ఏదో ఉంది" అంది గోపి చెవిలో.

"గారెలున్నాయి" అన్నాడు గోపి నోటి నిండా పెట్టుకుని.

ఆమె సూటిగా విషయానికి వచ్చింది. "నారాయణమూర్తిగారు ముప్పై నాలుగన్నారు. నిజమేనాండీ?"

నరసింగరావు కొంచెం నీరసపడ్డాడు. "నిజమే తల్లీ. మీ దగ్గిర దాపరికమేటి? కాయితంలో మాత్రం ముప్పై రెండే ఉంటాది."

రిజిస్ట్రేషన్‌కి తక్కువ చూపిస్తారన్నమాట, అనుకుంది సుహాసిని. గోపి గారె పక్కన పెట్టి బేరంలోకి దిగాడు. "ఏమైనా తగ్గుతుందా?"

"ఎలాగ తగ్గుతాది బాబూ? ఏడాది ఏడాదికీ పెరగడమే గానీ."

"అదీ నిజమేలెండి. ఎయిర్‌పోర్టు వచ్చింది కదా."

ఎయిర్‌పోర్టుకీ దానికీ సంబంధమేమిటో నరసింగరావుకి అర్థం కాలేదు. అతిథుల మాట కాదనలేక తలూపాడు.

"కోర్టు కేసులేమైనా ఉన్నాయా?" అడిగింది సుహాసిని.

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. "ఒక్కటే" అన్నాడాయన గొంతు తగ్గించి. "కాలేజీలో ఉన్నప్పటిది. అదీ కొట్టీసారు. ఎవరు సెప్పారు మీకు?"

"అడగడం మా పద్ధతండీ." కాలేజీకి పోతూ కూడా ఇంటి మీద కేసు వేసుకున్న కుటుంబం ఏమిటో ఆమెకి బోధపడలేదు.

పద్మకుమారి లేచి ఇల్లు చూపించింది. నాలుగు బర్నర్ల గ్యాసు పొయ్యి, కవరు తీయని మిక్సీ, కొత్త బీరువా, దాని పక్కన ఇంకా అట్ట విప్పని డబుల్ కాట్ మంచం.

"ఇవన్నీ మీరు తీసుకెళ్ళరా?" అంది సుహాసిని.

"ఎక్కడికి తీసుకెళ్తామమ్మా? వచ్చే పిల్లకే ఇవన్నీ."

"మరి మీరు ఎక్కడుంటారు?"

"ఇక్కడే. ఆ ముందు గది మాకు సాలు. యేరు కాపరాలు మాకు గిట్టవు. అందరం కలిసే ఉంటాం."

ఇల్లు అమ్మి అందులోనే ఉండిపోతామనే మనుషుల్ని సుహాసిని పదమూడు ఇళ్ళలోనూ చూడలేదు. ఆవిడ ఇంకా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇంకో మాట. మీరేటీ ఇవ్వొద్దు. మీ దగ్గిర మేం పైసా తీసుకోం."

గోపి చేతిలో మైసూరుపాకు కింద పడింది. "ముందు గదేగా, ఉండనీ" అన్నాడు భార్య చెవిలో. "ముసలితనంలో మంచీ చెడ్డా మనమే చూద్దాం."

ముప్పై నాలుగంటారు, పైసా వద్దంటారు. డ్యూటీలో సుహాసిని ఇలాంటి పెట్టెని ఎప్పుడూ వదిలిపెట్టలేదు, పక్కకి తీయించి విప్పించేది. ఇక్కడ ఎక్కడ విప్పాలో తెలియక నిలబడిపోయింది.

"మరి మీ పిల్ల సంగతి సెప్పండి" అంది పద్మకుమారి ముచ్చటగా. "ఏటి సదివింది?"

"మూడో తరగతండీ."

పద్మకుమారి పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"మూడుతోనే ఆపీసిందా?"

"ఆపడమేమిటండీ? జూన్లో నాలుగుకి వెళ్తుంది."

నరసింగరావు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, మీరు ఏ ఇల్లు సూడ్డానికొచ్చారు?"

"అమ్మకానికి పెట్టిన ఇల్లు."

"ఇది పెళ్ళికొడుకు ఇల్లమ్మా. మావాడు ధనరాజు గరివిడి ఫ్యాక్టరీలో పని సేత్తన్నాడు. ఆడపెళ్ళోరు ఇల్లు సూడ్డానికి వస్తారని నారాయణమూర్తి సెప్పాడు."

గోపి వెంటనే నారాయణమూర్తికి ఫోను చేశాడు. అవతల నుంచి, "రెండు లొకేషన్లూ ఒకేసారి పంపించాను బాబూ. అటుది ఇటూ ఇటుది అటూ పడిపోయినట్టున్నాది" అని వినిపించి ఫోను ఆగిపోయింది.

పద్మకుమారి నెత్తిన చేతులు పెట్టుకుంది. "ఓలమ్మా. అయితే అసిరమ్మగారు నేరుగా అమ్మకానికి పెట్టిన ఆ లక్ష్మీనరసమ్మ ఇంటికి ఎళ్ళిపోయుంటాది. ఆ వంటింట్లో నిలబడితే ఆకాశం కనపడతాది. అసిరమ్మగారు పెళ్ళికూతురికి మేనత్త. ఆవిడ ఊఁ అంటేనే ఆళ్ళింట్లో ఏదైనా జరుగుతాది."

నలుగురూ వీధి చివరికి పరుగు తీశారు. అక్కడా నీలం గేటే. లోపలి నుంచి చీపురుపల్లి అసిరమ్మ గొంతు గేటు దాకా ఖంగున వినిపిస్తోంది.

"ఈ వంటింట్లో మా పిల్ల నడుం వొంచి వొండాలా? వాన వస్తే గొడుగు పట్టుకుని పోపు ఎయ్యాలా?"

అరుగు మీద డెబ్భై ఏళ్ళ లక్ష్మీనరసమ్మ కూర్చుని ఉంది. ఆవిడ మొహం ఎర్రబడింది. "అలాగైతే ఇరవై నాలుగు సేసుకోండి. ఇంక తగ్గను."

"ఇదిగో, మళ్ళీని. నానొచ్చినప్పుడు ముప్పై నాలుగన్నావు. సెదలు సూపిస్తే ముప్పై అన్నావు. నూతిలో నీళ్ళు లేవంటే ఇరవై ఎనిమిదన్నావు. గంటలో పదేళ్ళు తగ్గిపోయాడేటి మీ మనవడు? ఇంకో గంట కూకుంటే పలకా బలపం పట్టుకుని బడికి పోయేలాగున్నాడు."

"మనవడేటి? నాకు పెళ్ళే కాని సెల్లి ఉన్నాది గానీ మనవడెక్కడున్నాడు?"

పద్మకుమారి గబగబా వెళ్ళి అసిరమ్మ చెయ్యి పట్టుకుంది. "వదినగారూ, మా ఇల్లు అటుపక్కన. అబ్బాయికి ముప్పై నాలుగే. ఒక్క ఏడాది కూడా తగ్గడు."

అసిరమ్మ ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసింది. "ఒక్క మాట మీద నిలబడే మనుషులు కావాలమ్మా మాకు" అంది. జరిగింది విన్నాక ఇంకో మాట అడిగింది. "ఏటి వొండారు?"

నాటుకోడి అని తెలిశాక ఆవిడ ఆలస్యం చెయ్యలేదు. నరసింగరావు దారి చూపిస్తూ ముందు నడిచాడు.

అరుగు మీద లక్ష్మీనరసమ్మ, కింద సుహాసిని, గోపి మిగిలారు.

"అసలు ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళం మేమండీ" అన్నాడు గోపి. "ఇరవై నాలుగన్నారు. విన్నాం."

"అది పెళ్ళోరికి సెప్పిన మాట. మీకు ముప్పై నాలుగే."

"ఇల్లు అదే కదండీ."

"ఆవిడ తిట్టింది. తిట్టినప్పుడల్లా దిగాను. నువ్వు కూడా తిట్టు, సూద్దాం."

గోపికి ధైర్యం వచ్చింది. ఈ పని అతనికి చేతనవును. "ముందుగా ఆ గోడలు..." అని మొదలుపెట్టి పక్కకి చూశాడు. సుహాసిని లేదు. అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

వేసవి ఎండలోంచి నడిమింట్లోకి అడుగు పెడితే ఒళ్ళు చల్లబడింది. మూరెడు మందం గోడలు. విశాలి చదువుకోడానికి కిటికీ పక్కన గూడు. పెరట్లో స్కూటరు పెట్టుకోవచ్చు. డ్యూటీకి పన్నెండు నిమిషాలు. వంటింటి పెంకుల సందులోంచి నిజంగానే ఆకాశం కనిపిస్తోంది, అర్ధరూపాయి బిళ్ళంత.

గోపి వెనకాలే వచ్చి గుసగుసలాడాడు. "తిట్టు. నీ నోటికొచ్చినట్టు తిట్టు. నన్నంటావు కదా రోజూ, అలా."

గుమ్మంలో లక్ష్మీనరసమ్మ నిలబడింది. సుహాసిని పైకి చూసి గొంతు సవరించుకుంది. "ఆ దూలం..."

"దూలానికేటి?"

"టేకు కదండీ?"

"టేకే."

గోపి కళ్ళు మూసుకున్నాడు.

"నాకు తిట్టడం రావట్లేదండీ" అంది సుహాసిని. "ఇల్లు నచ్చింది. మా దగ్గర ఇరవై అయిదుంది. ఆపైన పదివేలు కూడా లేవు. ఈ నెలలోపు ఇల్లు దొరక్కపోతే నన్ను వెనక్కి పంపించేస్తారు."

గోపి అక్కడే చతికిలబడ్డాడు. పద్నాలుగు ఇళ్ళ బేరంలో ఇలాంటి మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

లక్ష్మీనరసమ్మ దూలం వంక చూసింది. "పొద్దున్నించి ఒక్క మంచి మాట ఇనలేదు ఈ ఇంటికి. ఇల్లు అమ్ముడైతే పొందూరు పోయి మా సెల్లి దగ్గిర ఉందామని సూత్తన్నాను. ఆ పెళ్ళోరావిడకి ఇరవై నాలుగన్నాను. నీకు ఇరవై అయిదు."

"మాకెందుకండీ ఎక్కువ?" అన్నాడు గోపి.

"నచ్చిందన్నాది కదా. ఆ లక్ష దానికి."

"ఒక్క అయిదు నిమిషాలు నోరు మూసుకునుంటే సరిపోయేది" అని గోపి నేల వైపు చూసి గొణిగాడు. సుహాసిని వినిపించుకోలేదు. ఇరవై అయిదుకి సరేనని, కిటికీ గూడు పొడవు జానెడు జానెడుగా కొలుస్తోంది.

"ఇంక మాటైపోయింది కాబట్టి సెప్తన్నాను" అంది లక్ష్మీనరసమ్మ, బొడ్లో తాళాలు సర్దుకుంటూ. "ఆ పెళ్ళోరావిడ కంటికి కనపడిన వంకలు ఆరు. మొత్తం తొమ్మిదున్నాయి. రండి, మిగతా మూడూ సూపిస్తాను."

సుహాసిని కొంగు నడుముకి దోపుకుని, ఆవిడ వెనకే పెరట్లోకి బయల్దేరింది.