కొంగున ముడేసిన బిళ్ళ

"వంటింట్లో వేడేటి కోడలా? ఆఫీసులో ఏసీ కింద కూకుని అలవాటైపోనాది నీకు," అంటూ మా అత్తగారు కస్తూరమ్మ హాల్లో ఫ్యాను జోరు పెంచుకున్నారు. వంటింటికి ఎగ్జాస్టు ఫ్యాను కావాలని ఈ ఉక్కు ఊళ్ళో కద్మా పేటకి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అడుగుతున్నాను. మా ఆయన సిద్ధార్థ్ "దేఖేంగే", చూద్దాంలే అని నవ్వుతాడు. బుగ్గన సొట్ట పడుతుంది. నేనడిగిందేమిటో నాకే గుర్తుండదు.

నా ఉద్యోగం ఆదిత్యపూర్‌లో, పల్లె ఆసుపత్రులకు టీకామందు పంపే గిడ్డంగిలో. ఈ ఏడాదే చొక్కా గుండీ అంత బిళ్ళలొచ్చాయి. మందు పెట్టెలో వేస్తే దారి పొడుగునా తగిలిన వేడినంతా గుర్తుపెట్టుకుని, తిరిగొచ్చాక కంప్యూటర్లో గీత గీసి చూపిస్తాయి. మందు ఎక్కడ ఎండలో పడి పాడైందో ఇక ఎవరూ దాచలేరు. నాకవి ఎంత ముద్దో!

శనివారం ఓ పెట్టెలోంచి తీసిన బిళ్ళ పోతుందేమోనని కొంగున ముడేసుకున్నాను. స్కూటరు మీద ఖర్కాయి ఏటి వంతెన గాలి, ముందు సిద్ధార్థ్ వీపు. బిళ్ళ సంగతి మరిచేపోయాను. ఇంటికి రాగానే ఉక్కు కర్మాగారంలో అతనితో పనిచేసే ఫర్నేసు మిత్రులు దిగారు. "భాభీజీ, ఔర్ దో గారె!" అంటూ మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను.

సోమవారం మా మేనేజరు కూర్మారావుగారు గీత చూసి అదిరిపడ్డారు. "ఏ బండిదమ్మా ఈ గీత, అనూహ్యా? ఇంతదాకా చల్లగా వచ్చి కొండెక్కేసింది! ఈ పెట్టెలో మందంతా పాడైపోయుంటాది, పారేయించు!"

"పారేయకండి సార్. చివర్లో ఉన్నది నేనే."

ఆ కాగితం తెచ్చి సిద్ధార్థ్ ముందు పెట్టాను. గ్రాఫంటే అతనికి మిఠాయి. "మా ప్లాంటులో ఏ షాపు ఇది? ఇక్కడ మనిషిని నిలబెడితే సేఫ్టీవాళ్ళు ఊరుకుంటారా? ముందు ఎగ్జాస్టు పెట్టాలి."

"మన వంటిల్లు. ఆ కొండ మీవాళ్ళు తిన్న గారెలు."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కొండను చాలాసేపు చూశారు. "అయితే ఇన్నేళ్ళూ నాను ఇందులోనే ఉన్నానేటి?"

సిద్ధార్థ్ "దేఖేంగే" అన్నాడు. సొట్ట పడింది. ఈసారి నాకన్నీ గుర్తున్నాయి.

ఆదివారం ఆ బిళ్ళను అతని లుంగీ అంచుకి ముడేసి, రుబ్బిన పిండి చేతికిచ్చాను. "ఫ్యాను కావాలో వద్దో మీరే తేల్చండి. గారెలు వేస్తూ."

మొదటి వాయి దిగిందో లేదో, వంటింట్లోంచి వగర్పు వినిపించింది. "అమ్మా! ఇక్కడ ఉండలేకపోతన్నానే!"

నా పక్కనే హాల్లో కాళ్ళు చాపుకున్న అత్తగారు ఫ్యాను జోరు పెంచారు.

"వంటింట్లో వేడేటి నాయనా?"