మాట మీద నిలబడ్డ ఏసోబు

ఏసోబు మేస్త్రీ గోడకు సిమెంటు పూసి గిలాబు చేస్తే అద్దంలా ఉంటుందని కల్వకుర్తిలో పేరు. కాని పొద్దున్నే సగం సీసా గొంతులో పడితేనే అతని చెయ్యి కుదురుగా నిలిచేది. అది అలవాటనుకున్నారే గాని జబ్బని ఎవరూ అనుకోలేదు. కూతురు ఎస్తేరు కూడా అనుకోలేదు.

ఒకనాడు పరంజా మీది నుంచి జారిపడి, నెత్తుటి మొహంతో ఇంటికొచ్చాడు. ఎస్తేరు కంచం పక్కకు నెట్టింది.

"నువ్వు తాగుడు బంద్ జేసేదాంక నాకు బువ్వ వద్దు బాపూ."

ఏసోబు బైబిలు మీద చెయ్యి పెట్టాడు. "ఇగ ముట్ట బిడ్డా. నీ మీద ఒట్టు."

మాట మీద నిలబడ్డాడు. మర్నాటికే చేతులు వణికాయి, చొక్కా పిండితే కారేంత చెమట పట్టింది, తిన్నదంతా కక్కుకున్నాడు. విషం దిగుతున్నదనుకుని ఎస్తేరు లోలోపల సంబరపడింది. పక్కింటి గుర్వమ్మ మాత్రం గడపలో నిలబడి చూసి, "జర దవాఖానకు తీస్కపో. మా మరిదికి గిట్లనే అయింది," అన్నది.

"దవాఖానకు పోతే తాగుబోతని నలుగురు నవ్వుతరు. రెండొద్దులు ఓర్సుకుంటే అదే తగ్గుతది," అన్నాడు ఏసోబు. ఎస్తేరుకూ అదే సబబనిపించింది.

ఆ తెల్లారి అతను గోడ మీద లేని చీమలను దులపడం మొదలుపెట్టాడు. ఎప్పుడో పోయిన భార్యను పిలిచి నీళ్లడిగాడు. కూతుర్ని చూసి "నువ్వెవరు?" అన్నాడు. ఆమె పాస్టరుకు కబురు పెట్టింది. ప్రార్థన సాగుతుండగానే ఏసోబు కళ్లు తేలేసి, ఒళ్లు కొయ్యబారి, నోట నురగతో కొట్టుకున్నాడు. పాస్టరే ప్రార్థన ఆపి ఆటో పిలిపించాడు. దారిలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి. దవాఖాన ముందు దింపేసరికి ఊపిరి లేదు.

డాక్టరమ్మ దుప్పటి కప్పి, ఎస్తేరును బల్ల మీద కూర్చోబెట్టింది. "ఏండ్ల సంది దినాం తాగినోళ్లు ఒక్కపారే బంద్ జేస్తే పెయ్యి తట్టుకోదమ్మా. మానుడు మంచిదే. కాని మా దగ్గరికొచ్చి, మందులు వాడుకుంట మానాలె. వణుకుడు షురువైన నాడే తెస్తే బతికేటోడేమో."

"బాపు మాట తప్పలే డాక్టరమ్మా," అన్నది ఎస్తేరు.

మట్టి చేసి వచ్చాక, ఏసోబుతో పనిచేసే దశరథ్ వాకిట్లో ఆగాడు. "మేస్త్రీని జూసి బుద్ధొచ్చింది చెల్లె. రేపటి సంది నేను గూడ ముట్ట." అతని నోరు వాసన కొడుతున్నది.

ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "ముందుగాల దవాఖానకు పో అన్నా. గా తర్వాతనే మానుడు. నేను ఎంబడొస్త."

అతను తల గోక్కుంటూ ఇంటిదారి పట్టాడు.

తెల్లవారి ఆమె వెళ్లి అతని ఇంటి తలుపు తట్టింది. చాలాసేపటికి దశరథ్ చొక్కా తొడుక్కుంటూ బయటికొచ్చాడు.