పచ్చ పొట్టలు

ఆరో నెల పాడ్యమి పొద్దున గొజే నడుస్తూ నడుస్తూ కావాలనే దగ్గింది. పది అడుగుల వెనక మొగుడు గెన్‌సెయ్ ఆ దగ్గును పట్టుకుని నడుస్తున్నాడు. నాలుగు నెలలుగా ఇదే వరస. అతని కళ్ళకు పొర కమ్మిందని దీవిలో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. నలుగురిలో చెయ్యి పట్టుకోబోతే కరిచినంత పని చేస్తాడు, మొండి ఘటం.

"ఈసారికి కాపు బండ చోకెన్‌ని ఎక్కమనరాదటయ్యా?" అంది.

"ముప్పయ్యేళ్ళుగా ఎక్కుతున్నాను. ఆ బండ మీద ప్రతి గుంటా నా కాలికి తెలుసు."

"కాలికి తెలిస్తే సరా? చూడాల్సింది కళ్ళతో."

గెన్‌సెయ్ మణికట్టుకు చుట్టుకున్న ఎర్రగుడ్డ బిగించుకుని బండను తడుముతూ పైకెక్కాడు.

ఒకినావాలో సుకు అంటే చిటికెన వేలంత కూడా ఉండని వెండి చేపపిల్ల. నడిసముద్రంలో పుట్టి, ఏటా ఈ రోజుల్లో గుంపులు గుంపులుగా పగడపు దిబ్బ దాటి లోపలి లోతులేని నీళ్ళలోకి వస్తుంది. ఇక దాని బతుకంతా అక్కడే, రాళ్ళ మీది నాచు గీరుకు తింటూ. మనిషికి కావాల్సింది మాత్రం ఆ నాచు నోట పెట్టకముందు. అప్పుడు పట్టి ఉప్పులో ఊరేస్తే ఏడాది పొడుగునా టోఫు ముక్క మీద ఒక్కోటి పెట్టుకు తినొచ్చు. కాసేపు నాచు మేశాయంటే పొట్ట పచ్చబడుతుంది, జాడీకి జాడీ కుళ్ళిపోతుంది.

అందుకే బండ మీద కాపు. గుంపు దిబ్బ సందులోంచి లోపలికి రాగానే కాపు మనిషి గుడ్డ ఊపుతాడు, పడవలవాళ్ళు వచ్చి వెనక వల కడతారు. అతను తప్ప ఇంకెవరూ నోరెత్తకూడదు. గుడ్డ ఊపేదాకా ఒడ్డున ఆడవాళ్ళు సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలి. వాళ్ళు చూస్తే చేపలు వెనక్కి తిరుగుతాయట. ఇందులో నిజమెంతో పరీక్షించే ధైర్యం మా దీవిలో ఎవడికీ లేదు.

ఒడ్డున ఆడవాళ్ళతో కూర్చున్న గొజే వెనక్కి తిరిగి చూసింది. మొగుడు జారిపడతాడేమోనన్న భయం కొద్దీ చూసింది, చేపల కోసం కాదు. కానీ చేపలే కనిపించాయి. దిబ్బ సందులో నీళ్ళు మబ్బు నీడ పడ్డట్టు నల్లబడ్డాయి. ఆకాశంలో మబ్బు లేదు. ఆ నీడ మెల్లగా లోపలికి జరిగింది.

బండ మీద గుడ్డ కదల్లేదు.

దిబ్బ అవతల పడవల్లో పద్నాలుగు మంది వంగి కూర్చుని గుడ్డ కోసమే చూస్తున్నారు. ఇవతల నీడ చెదిరి నీళ్ళంతా పరుచుకుంది. అక్కడొకటి ఇక్కడొకటి వెండి మెరుపులు. చేపలు నాచుకు తలలు దించుతున్నాయి.

"ఏమైందే, చెమటలు పట్టాయి?" పక్కనున్న నబే అడిగింది.

"ఎండ."

అరిస్తే చాలు. ఒక్క అరుపు. గొజే పళ్ళు బిగించుకుని కూర్చుంది.

ఎంతసేపైందో, పిట్టల గోల విన్నాడో ఏమో, గెన్‌సెయ్ గుడ్డ ఊపాడు. పడవలు దూసుకొచ్చాయి. వల పెద్ద చోకెన్ మొదటి బుట్ట తెచ్చి గొజే ముందు దించాడు. పొట్ట చూసి ఉప్పు వెయ్యమని చెప్పే పని ఎప్పుడూ ఆవిడదే.

"వదినా, ఈ ఏడు జాడీలు చాలవు," అన్నాడు నవ్వుతూ.

గొజే గోటితో ఒక పొట్ట చీల్చింది. తెల్లగా ఉంది. ఇంకోటి, తెల్లగానే ఉంది. మూడోదాంట్లో పచ్చటి దారం.

"ఒక్కటే కదా. పారేసి ఉప్పు చల్లెయ్," అన్నాడు చోకెన్.

నాలుగోది పచ్చన. అయిదోదీ అంతే. ఊరంతా ఆవిడ నోటి వంకే చూస్తోంది. బాగున్నాయంటే బండ మీద కాపు మొగుడికే ఉంటుంది, కానీ నెల తిరక్కుండా ఇంటింటా జాడీలు కంపు కొడతాయి.

"మేశాయి," అంది గొజే. "ఉప్పు వెయ్యొద్దు. వేయించుకు తినండి."

చోకెన్ నవ్వు ఆగిపోయింది. బండ దిగి వస్తున్న గెన్‌సెయ్ వైపు తిరిగాడు. "అన్నా, ఇవెప్పుడొచ్చాయి?"

గెన్‌సెయ్ బుట్టలోంచి ఒక చేప తీసి నలిపి వాసన చూశాడు. గొజే మాట వినిపించిన వైపు మొహం తిప్పాడు.

"ఏమే, నువ్వు చూశావా?"

లేదంటే సరిపోయేది. "చూశాను. వెనక్కి తిరిగి చూశాను."

"మరి అరవలేదేం?"

"అరిస్తే నీకు కళ్ళు లేవని అందరికీ తెలిసిపోదూ." ఆవిడ చేతిలోని చేపను బుట్టలో పడేసింది. "నీ పరువే చూసుకున్నా. ఊరి జాడీల సంగతి తలచుకోలేదు. తప్పు నాదే."

గెన్‌సెయ్ మణికట్టు మీది గుడ్డ విప్పి చోకెన్‌కి చాచాడు. చాచిన వైపు ఎవరూ లేరు. చోకెన్ చప్పుడు చెయ్యకుండా రెండడుగులు జరిగి, ఆ చేతి ముందు నిలబడి గుడ్డ అందుకున్నాడు.

గొజే ఉప్పు బుట్ట తలకెత్తుకుని ఇంటిదారి పట్టింది. నాలుగు అడుగులు వేసి అలవాటు కొద్దీ దగ్గింది.

"దగ్గకే," అన్నాడు గెన్‌సెయ్ అందరూ వింటుండగా. "వచ్చి చెయ్యి పట్టుకో."