అత్తయ్య కంటి ఖరీదు

పెళ్ళయిన నాలుగో నెలలో నేను అత్తవారింటి వంటగది అలమార సర్దాను. ఎవరూ సర్దమనలేదు. మా ఆయన మహేశ్ పనికి వెళ్ళాక, భిలాయ్ వైశాలి నగర్ చలికాలపు ఎండ కిటికీలోంచి స్టీలు డబ్బాల మీద పడుతుంటే నాకే ముచ్చటేసింది. అన్నీ దించి, చింతపండుతో తోమి, పొడవు ప్రకారం నిలబెట్టి, ఒక్కోదానికి కాయితం ముక్క అంటించి స్కెచ్ పెన్నుతో పేర్లు రాశాను. పంచదార గులాబీ రంగులో, ఉప్పు నీలంలో, కారం ఎర్రెర్రగా. కందిపప్పు పేరు పక్కన చిన్న పువ్వు కూడా వేశాను. ఆ మధ్యాహ్నమంతా నా పనితనం చూసుకోవడానికి ఏదో ఒక వంకన వంటింట్లోకి వెళ్ళి వస్తూనే ఉన్నాను.

సాయంత్రం అత్తయ్య పెట్టిన టీలో ఉప్పు పడింది.

మామయ్య తిరుమలరావుగారు ఒక్క గుక్క తాగి కప్పు టక్కున కింద పెట్టారు. "కొత్త కోడలొచ్చినాక నీకు కళ్ళు నెత్తికెక్కినాయేటే జోగమ్మా? ముప్పయ్యేళ్ళనించీ పెడతన్నావు, టీ పెట్టడం మర్చిపోనావేటి?" మహేశ్ పకపకా నవ్వాడు. "అరే అమ్మా, నమకీన్ చాయ్! దుకాణం పెట్టేద్దామా?" అత్తయ్య కూడా నవ్వింది. నవ్వుతూనే కప్పులన్నీ పోగుచేసుకుని లోపలికి వెళ్ళింది. సాయం చేద్దామని వెనకే వెళ్ళిన నేను గుమ్మంలో ఆగిపోయాను. అత్తయ్య ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూస్తోంది, చిటికెడు తీసి నాలుకకి రాసుకుంటోంది. నేను వేలెడంత అక్షరాలతో రాసిన పంచదార డబ్బా ఆమె ముక్కుకి ఎదురుగానే ఉంది. అత్తయ్యకి చదువొచ్చు. ఆమె మంచం కింద పాత వారపత్రికలు దొంతరలుగా ఉన్నాయి. నేనొచ్చాక వాటిని ఒక్కసారీ పైకి తీయలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది.

"అత్తయ్యా, మీకు కనిపించట్లేదా?"

"అరవకే గుంటా. కనబడతాది. పొగమంచులోనించి చూసినట్టు కనబడతాది. ఉప్పు ఎప్పుడూ ఎడం పక్క మూల, పంచదార దాని కింద అరలో. నాను డబ్బాని చూసి తియ్యను, చోటుని బట్టి తీస్తాను. నువ్వేమో అంతా పీకి పందిరేసినావు!"

రెండేళ్ళట. రెండేళ్ళుగా ఆవిడ ఆ ఇంట్లో అలాగే వండుతోంది. ఆవాలు వేగినట్టు చప్పుడుతో, పాలు పొంగబోతున్నట్టు వాసనతో, అన్నం ఉడికినట్టు మెతుకు నలిపి తెలుసుకుంటోంది. నేను నాలుగు నెలలుగా "అత్తయ్య చేతి వంట" అని పుట్టింటికి రాసిన ఉత్తరాలన్నీ గుర్తొచ్చి మొహం వేడెక్కింది. ఆ సాయంత్రమే డబ్బాలన్నీ మళ్ళీ పాత చోట్లలోకి మార్చాను. ఏది ఎక్కడుండాలో అత్తయ్య చెబుతుంటే, కళ్ళు తుడుచుకుంటూ, మధ్యమధ్య ఇద్దరం నవ్వుకుంటూ.

మర్నాడు భోజనాల దగ్గర విషయం నేనే చెప్పాను. మహేశ్ ఏమాత్రం కంగారు పడలేదు. "మోతియాబింద్. శుక్లాలు అంటారు కదా మీ తెలుగులో? వచ్చే నెల స్కూల్లో కంటి క్యాంపు పెడుతున్నారు. ఆపరేషన్ ఫ్రీ, మందులు ఫ్రీ, కళ్ళద్దాలు ఫ్రీ. కంబళి కూడా ఇస్తారు. పక్కింటి అప్పలనర్సమ్మ పిన్ని అక్కడే చేయించుకుంది." తెలుగు నా ఒక్కదానిదే అయినట్టు "మీ తెలుగు" అంటాడు. ఇక్కడే పుట్టాడు కదా. మామూలుగా అయితే ఆ మాటకి నాకు నవ్వొచ్చేది.

మామయ్యకి కిందటేడాది రాయపూర్‌లో ఇదే ఆపరేషన్ జరిగింది. ఆ కథ నేను అప్పటికి నాలుగుసార్లు విన్నాను. ఏసీ గది, పాలరాతి నేల, కంటి లోపల లెన్స్, మొత్తం తొమ్మిది వేలు. "మామయ్యకి లెన్స్ వేశారు కదా, అత్తయ్యకి వేయించరా?" అని అడిగాను, కూర వడ్డిస్తూ. నిజంగా తెలియకే అడిగాను.

"నానంటే సైటు మీదకెళ్ళాల, డ్రాయింగు చూడాల," అన్నారు మామయ్య. "మీ అత్తకేటి పని? ఇంట్లోనే కదా ఉంటాది."

"స్టీల్ ప్లాంట్‌లో పర్మినెంట్ వాళ్ళకి మెడికల్ బుక్ ఉంటుంది, వైద్యం ఖర్చు కంపెనీదే రేఖా," అన్నాడు మహేశ్ నచ్చజెబుతున్నట్టు. "నాన్నది ముప్పయ్యేళ్ళూ కాంట్రాక్టర్ల దగ్గరే. నాది ప్రైవేటు వర్క్‌షాప్. మనం జేబులోంచి పెట్టుకోవాలి. ఛోడో నా, వదిలెయ్." అత్తయ్య మజ్జిగ గిన్నె కోసం చెయ్యి చాపి, తడిమి, అందుకుంది.

ఆ మధ్యాహ్నం అప్పలనర్సమ్మగారింటికి వెళ్ళాను. క్యాంపులో లెన్స్ వేయరట, అద్దాలే ఇస్తారట. సీసా అడుగులంత మందంగా ఉన్నాయి ఆవిడ కళ్ళద్దాలు. వాటి వెనక కళ్ళు చేపకళ్ళలా పెద్దవై కనిపిస్తున్నాయి. నాకు మంచినీళ్ళు ఇవ్వబోయి, గ్లాసుకి జానెడు ఇవతలే గాలిని పట్టుకున్నారు. "అన్నీ దగ్గిరకొచ్చేసినట్టుంటాయి తల్లీ. ఇక్కడుందనుకుంటే అక్కడుంటాది. మెట్లు దిగాలన్నా భయమే. పొయ్యి దగ్గిరకైతే మా కోడలు రానీదు," అని నవ్వేశారు. నాకు మా ఇంట్లో మూకుడు గుర్తొచ్చింది. మరిగే నూనెలోకి గారెలు జారవిడిచే అత్తయ్య చేతివేళ్ళు గుర్తొచ్చాయి.

డిగ్రీలో మాకు ఎకనామిక్స్ చెప్పిన సత్యలక్ష్మి మేడమ్ బోర్డు మీద ఒక వాక్యం రాసి దాని కింద రెండు గీతలు గీసేవారు: ఒకే సరుకు, ఒకే బజారు, ఒకే ధర. పరీక్షలో అది రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా. మరి రాయపూర్‌లో తొమ్మిది వేలైతే భిలాయ్‌లో ఎంత? దుర్గ్‌లో ఎంత? తెలుసుకుందామనిపించింది. అనిపించగానే ఒళ్ళంతా హుషారు. ఊలు కొనడానికని చెప్పి బయల్దేరాను. పెళ్ళయ్యాక ఒంటరిగా బజారుకి వెళ్ళడం అదే మొదటిసారి కాబట్టి పసుపు జరీ చీర కట్టుకున్నాను. మెడలో కొత్త నల్లపూసలు, రెండు చేతులా డజను గాజులు. టెంపోలో కిటికీ పక్క సీటు దొరికింది. దారిలో జామకాయ కొనుక్కుని, ఉప్పూ కారం అద్దించుకుని, వేళ్ళు నాక్కుంటూ ఆపరేషన్ ధరలు అడగడానికి వెళ్ళిన మనిషిని నేను.

నెహ్రూ నగర్‌లో అద్దాల తలుపులున్న నర్సింగ్ హోమ్ కౌంటర్ దగ్గర గుమాస్తా నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ప్లాంట్ కేస్ హై క్యా?" అని అడిగాడు, ప్లాంటు డబ్బు కట్టే కేసా అన్నట్టు. కాదన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళకి, లెన్స్ ఆపరేషన్, అన్నాను. ఎనిమిదిన్నర వేలు. దుర్గ్‌లో ఇంకోచోట ఆరు వేలు. రెండూ కాయితం మీద రాసుకున్నాను. రెండ్రోజులాగి, ఇల్లు కడిగినప్పుడు కట్టుకునే పాత నేత చీరలో మళ్ళీ నెహ్రూ నగర్ వెళ్ళాను. అదే కౌంటర్, అదే గుమాస్తా. నన్ను పోల్చుకోలేదు. ఏడు వేలన్నాడు! చీర మారితే పదిహేను వందలు తగ్గింది. ఆ జరీ మీద అంత గిట్టుబాటు ఉందని మా అమ్మకి ఉత్తరం రాయాలనిపించి, రోడ్డు మీదే ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ నవ్వు దుర్గ్‌లో మూడోచోట ఆగిపోయింది. అక్కడి గుమాస్తా పేషెంట్ ఎవరని అడిగితే అత్తగారని చెప్పాను. అతను రాయబోయిన పెన్ను మూసేశాడు. "ఔరత్ హై? ఆడమనిషా? అయితే లెన్స్ ఎందుకు బహెన్జీ, లేకుండా చేయించండి, రెండు వేలలో అయిపోతుంది. ఘర్ మే హీ తో రహనా హై." ఇంట్లోనే కదా ఉండేది. ఆ మనిషి మా మామయ్యని ఎప్పుడూ చూడలేదు. ఒకరిది శ్రీకాకుళం, ఇంకొకరిది దుర్గ్. భాషలు వేరు, వయసులు వేరు. మాట మాత్రం ఒకరి నోట్లోంచి తీసి ఇంకొకరి నోట్లో పెట్టినట్టుంది. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇంట్లో ఉండడం అంటే వీళ్ళ దృష్టిలో ఏమిటి? ఫోటోలా గోడకి వేలాడడమా? తెల్లారి నీళ్ళొచ్చే వేళకి లేచి బిందెలు నింపేదీ, బియ్యంలో రాళ్ళేరేదీ, పప్పు ఉడికించి, దోసకాయ తరిగి, నలుగురి బట్టలు ఉతికి, ఎవరి చొక్కాకి గుండీ ఊడిందో వేళ్ళతో తడిమి కుట్టేదీ, ఇదంతా కళ్ళు అక్కర్లేని పనా? ఇంకా భయం వేసిందేమిటంటే, నేను కూడా ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. ఏ ఖరీదూ రాయని వరుసలో నేనూ చేరిపోయాను, డబ్బాల మీద పువ్వులు వేసుకుంటూ.

గురువారం బీరువాలోంచి మామయ్య రాయపూర్ కాయితాలు తీసి పట్టుకెళ్ళాను. దుర్గ్ స్టేషన్ దగ్గర, గడియారాల కొట్టు పైన ఒక చిన్న కంటి ఆస్పత్రి. పాలరాయి లేదు, ఏసీ లేదు. బెంచీలు మాత్రం తళతళలాడుతున్నాయి. కుముదిని అనే నర్సు నా కాయితాలు చూసి, సంతకం మీద వేలు పెట్టి కిలకిలా నవ్వింది. "దీదీ, ఇది మా డాక్టర్ సాబ్ సంతకమే! గురువారం ఇక్కడ చేస్తారు, మిగతా రోజులు రాయపూర్‌లో." కాయితానికి అంటించిన లెన్స్ చీటీని తన రిజిస్టర్‌లోని చీటీ పక్కన పెట్టి చూపించింది. అదే కంపెనీ, అదే రకం. ఇక్కడ నాలుగు వేల రెండు వందలు.

"మరి అక్కడ తొమ్మిది వేలు ఎందుకయ్యాయి?"

"ఆపరేషన్‌కి అంతే దీదీ. మిగతాది ఏసీకి, పాలరాతికి, గది అద్దెకి. ఇంకా..." గొంతు తగ్గించింది. "పేషెంట్‌ని వెంటబెట్టుకొచ్చిన వాడికి." మామయ్యని రాయపూర్ తీసుకెళ్ళింది ఆయన కాంట్రాక్టర్ స్నేహితుడు. ఆయన చేసిన మేలు గురించి కూడా నాలుగుసార్లు విన్నాను.

ఆదివారం పొద్దున అటుకుల పోహా తింటుంటే కాయితం విప్పి చదివాను. మామయ్య క్రికెట్ స్కోరు విన్నట్టు చెవులు రిక్కించారు. "నాలుగేల రెండొందలా! నా దగ్గిర తొమ్మిదేలు గుంజినారా దొంగ సచ్చినోళ్ళు!" మహేశ్ జరీ చీర సంగతి విని పడి పడి నవ్వాడు. ఆ నవ్వుల మీదే చెప్పేశాను. వచ్చే గురువారం అత్తయ్యకి అక్కడ చేయిద్దామని.

"క్యాంపులో ఫ్రీ కదా రేఖా," అన్నాడు మహేశ్.

కాయితం మామయ్య ముందుకి జరిపాను. "ఒకే డాక్టరు, ఒకే లెన్స్. ఊరూరికీ ధర ఎందుకు మారిందో నాకు తెలిసింది. మనింట్లో ఎందుకు మారిందో తెలియలేదు మామయ్యా. మీ కంటికి తొమ్మిది వేలు. అత్తయ్య కంటికి సున్నా. ఇది ఏ ఏసీకి, ఏ పాలరాతికి?"

నాలుగు నెలల కోడలు అనాల్సిన మాట కాదని అందరి మొహాల్లోనూ కనబడింది. మామయ్య నోరు తెరిచేలోగా వంటింటి గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"నాను క్యాంపుకెళ్ళను."

అత్తయ్య చేతిలో అట్లకాడ ఉంది. దాన్ని దించకుండానే అంది. "రెండేళ్ళు మసక కళ్ళతో వండి పెట్టినాను. ఒక్కరికి తెలిసిందేటి? టీలో ఉప్పు పడినాక తెలిసింది. ఇంట్లోనే ఉంటాను, నిజమే. నిప్పూ ఇంట్లోనే ఉంది, కత్తిపీటా ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉంటాను కాబట్టే నాకు కళ్ళు కావాల. లెన్సే కావాల. లేకపోతే రేపటినించి ఆ పొయ్యి దగ్గిర మీరు నిలబడండి, నాను పేపరు పట్టుకుని కూకుంటాను."

మామయ్య పోహాలో పల్లీలు ఏరుకుంటూ, ఎవరినీ చూడకుండా, "గురువారం ఏ టైముకెళ్ళాల?" అన్నారు. మహేశ్ నా వైపు చూశాడు. పెళ్ళిపీటల మీద కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. "నేను సెలవు పెడతా," అన్నాడు.

శుక్రవారం కుముదిని కుడి కంటి కట్టు విప్పింది. అత్తయ్య కాసేపు రెప్పలు కొట్టుకుని, ముందుగా నా మొహం చూసి, "ఏటే గుంటా, నువ్వింత నలుపా!" అంది. "పెళ్ళినాడు తెల్లగా మెరిసిపోనావు. నన్ను మోసం సేసినారు!" ఆస్పత్రంతా నవ్వింది. తర్వాత మామయ్య వైపు తిరిగి, "ఇతను మరీ ముసలోడైపోనాడు," అంది నెమ్మదిగా. ఆయన నెరిసిన మీసం సవరించుకున్నారు. ఎడమ కంటికి ఎండాకాలం వచ్చేలోపల చేయిద్దామని అనుకున్నాం. ఆ మాట మామయ్యే అన్నారు.

నెల తిరిగాక ఒక పూట అత్తయ్య అలమార ముందు నిలబడి డబ్బాలు ఒక్కోటీ చదివింది. "కందిపప్పు మీద ఈ పువ్వేటి?" అని అడిగింది. తనే అన్నీ దించి, నేను మొదట సర్దిన వరుసలోకి పెట్టడం మొదలెట్టింది. "నీ వరసే బాగుంది. ఉప్పు మటుకు నా మూలనే ఉండనీ."

మేమిద్దరం ఆ పనిలో ఉండగా గేటు చప్పుడైంది. వెనక వీధి లక్ష్మీప్రసాద్‌గారు. ఊళ్ళో ధరలన్నీ నా కాయితంలో ఉన్నాయని కాలనీ అంతా పాకింది. అప్పటికి ఆయన మూడో మనిషి. వాకిట్లోనే నిలబడి, "అమ్మా, మా అమ్మకి శుక్లాలట. అన్నిటికన్నా చవగ్గా ఎక్కడవుతుందో కాస్త చూసి చెబుతారా?" అన్నారు.

కాయితం తెచ్చాను. కానీ మడత విప్పలేదు. ఇకమీదట ఎవరొచ్చినా ముందు ఒకటి అడిగాకే విప్పాలని నిశ్చయించుకున్నాను.

"మీ నాన్నగారికైతే ఎక్కడ చేయిస్తారండీ?"